దేవమాలికి ఒక్క రోజులో వెళ్లి రావాలంటే

దేవమాలి ఒడిశాలో అన్నిటికన్నా ఎత్తైన కొండ. 1672 మీటర్లు. జయపురం, కొరాపుట్, సునాబేడా, దమన్‌జోడి వైపు మన తెలుగువాళ్ల ఇళ్లలో చలికాలం మొదలైందంటే ఈ పేరు ఎవరో ఒకరు ఎత్తుతారు. ఎత్తాక జరిగేది మాత్రం చాలా ఇళ్లలో ఒకటే. పిల్లలు లేచి తెమిలేసరికి తొమ్మిది, దారిలో టిఫిన్, పదకొండు దాటాక కొండమీద, పావుగంట సెల్ఫీలు, "అబ్బా ఎండ" అని మళ్లీ కార్లోకి. ఇంటికొచ్చాక "ఏముందక్కడ, గడ్డే కదా" అని తీర్పు. ఆ టైముకి వెళ్తే నిజంగానే గడ్డి తప్ప ఏమీ కనిపించదు.

చిక్కంతా దాదాపు పైదాకా రోడ్డు ఉండటంలోనే ఉంది. రోడ్డుంది కాబట్టి నడవక్కర్లేదు అనుకుంటాం, నడవక్కర్లేదు కాబట్టి పొద్దున్నే లేవక్కర్లేదు అనుకుంటాం. నేను చెప్పే ప్లాను దీన్ని తిరగేస్తుంది: ముందు నడక టైము ఖాయం చేసుకోండి, మిగతా రోజంతా దాని చుట్టూ సర్దుకోండి. ఉదయం ఏడు నుంచి పదిన్నర దాకా కొండకే. గుడి, మ్యూజియం, సంత, మధ్యాహ్నం భోజనం అన్నీ ఆ తర్వాతే, వాటిలో ఏదైనా మిగిలిపోయినా పర్వాలేదు.

ఇంతకీ ఒక్క రోజు ఎవరికి సరిపోతుందో ముందు చూసుకోవాలి. కొరాపుట్ నుంచి దేవమాలి సుమారు 60 కిలోమీటర్లు, జయపురం నుంచైతే ఇంకో ఇరవై పైచిలుకు. వీళ్లకి హాయిగా సరిపోతుంది. రాయగడ వాళ్లు లక్ష్మీపురం మీదుగా 326 నంబరు జాతీయ రహదారి పట్టుకుని కొరాపుట్ రావాలి, బాగా తెల్లవారుజామున లేస్తే సాధ్యమే గానీ డ్రైవరు నిద్ర సంగతి కూడా ఆలోచించండి. కింద నుంచి, అంటే విజయనగరం, సాలూరు నుంచి వచ్చేవాళ్లకి 26 నంబరు జాతీయ రహదారి ఉంది, సుంకి ఘాట్ ఎక్కి పొట్టంగి మీదుగా వస్తారు. గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వాళ్లు మాత్రం ఒక్క రోజు మాట మర్చిపోండి. ముందు రోజు సాయంత్రానికే కొరాపుట్‌కో సిమిలిగూడకో చేరి లాడ్జీలో పడుకుని, అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి.

పేర్ల దగ్గర ఒక హెచ్చరిక. దేవమాలికి దగ్గరగా ఉన్న చెప్పుకోదగ్గ ఊరు సిమిలిగూడ, కొరాపుట్ జిల్లాలో సునాబేడా పక్కనే జాతీయ రహదారి మీద ఉంటుంది. బొర్రా గుహలకీ అరకుకీ మధ్య శిమిలిగూడ అని ఒక రైల్వే స్టేషను కూడా ఉంది, ఒకప్పుడు దేశంలో బ్రాడ్‌గేజ్ స్టేషన్లన్నిట్లో ఎత్తైనదిగా పేరుపడింది అదే. అది ఆంధ్రాలో ఉంది, మనకి సంబంధం లేదు. మ్యాపులో పేరు కొట్టి మొదట వచ్చినదాన్ని నొక్కేస్తే కొండకి అవతలి పక్క తేలతారు. బయటి నుంచి వచ్చే చుట్టాలకైతే జయపురం గురించి కూడా చెప్పాలి, టికెట్ బుక్ చేసేటప్పుడు రాజస్థాన్ జైపూర్ వచ్చి కూర్చుంటుంది. కోటలు చూడాలంటే అదీ బాగానే ఉంటుంది గానీ ఇది ఆ ఊరు కాదు.

సొంత బండి లేకపోయినా వెళ్లొచ్చు, కాకపోతే సిమిలిగూడ దాకానే బస్సును నమ్ముకోవాలి. జయపురం, కొరాపుట్ నుంచి బస్సులు దొరుకుతాయి, సాలూరు మీదుగా జయపురం వెళ్లే ఆంధ్రా బస్సులు కూడా ఈ దారిలోనే వెళ్తాయి. అక్కడి నుంచి కొండకి జీపో ఆటోనో మాట్లాడుకోవాలి. రేటు మాట్లాడేటప్పుడు "పైన మూడు గంటలు వెయిటింగ్" అని మొదటి మాటలోనే చెప్పేయండి. చెప్పకపోతే వాళ్లు అరగంట అనుకుంటారు, పైన మీరు నడుస్తుంటే కింద హారన్ మోగుతూ ఉంటుంది, నడక రుచి అక్కడితో పోతుంది. విశాఖ నుంచి పగటి కిరండూల్ పాసింజరులో వద్దామని కొందరు అంటారు. రైలు ప్రయాణం అద్భుతమే, కానీ కొరాపుట్ చేరేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది, ఒక్కరోజు ప్లానుకి పనికిరాదు.

ఏ నెలలో వెళ్లాలి? నన్నడిగితే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా, అందులోనూ నవంబరు మొదటి వారాల్లో. అప్పుడు వలిసె చేలు పూతకొచ్చి వాలులన్నీ పసుపు పచ్చగా ఉంటాయి, ఆకాశం కడిగినట్టుంటుంది, చలి ఇంకా ఎముకల దాకా దిగదు. డిసెంబరు, జనవరిలో సిమిలిగూడ, పొట్టంగి చుట్టుపక్కల ఒక్కో తెల్లవారుజామున గడ్డి మీద మంచు గడ్డకట్టి తెల్లగా కనిపిస్తుంది. చూడ్డానికి బాగుంటుంది గానీ చంటిపిల్లలతో ఆ టైములో వద్దు. మార్చి దాటితే పోడు పొగ, ఎండ మసక కలిసి దూరం ఏమీ కనిపించదు. జులై నుంచి సెప్టెంబరు దాకా పచ్చదనం కళ్లు చెదిరేలా ఉంటుంది, ఫోన్లలో తిరిగే వీడియోలు చాలావరకు అప్పటివే. కానీ కొండమీద చెట్టు నీడ లేదు, పిడుగులు పడేటప్పుడు ఆ బోడి గట్టు మీద అందరికన్నా ఎత్తుగా నిలబడేది మీరే. ఉరుము వినిపిస్తే ఫొటో సంగతి తర్వాత, కార్లో కూర్చుని అద్దాలు ఎత్తేయండి. వానాకాలంలో వెళ్లి తీరాలంటే పొద్దున్నే వెళ్లి మధ్యాహ్నానికి ముందే దిగిపోవాలి, ఎందుకంటే ఈ ఉరుముల వానలు ఎక్కువగా పగటి వేడెక్కాకే పడతాయి.

ముందు రోజు రాత్రి చేయాల్సినవి పెద్దగా లేవు. పెట్రోలు కొట్టించుకోవడం (సిమిలిగూడ దాటాక బంకు కోసం వెతుక్కునే పరిస్థితి పెట్టుకోవద్దు, పైగా ఘాట్‌లో మైలేజీ పడిపోతుంది), చిల్లర నోట్లు పెట్టుకోవడం, ఫోన్‌లో ఆ ప్రాంతం మ్యాపును నెట్ లేకుండా పనిచేసేలా దించుకోవడం. కొండ దారిలో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుంది, ఫోన్‌పే తిరుగుతూనే ఉంటుంది, టీ చల్లారిపోతుంది.

బట్టల విషయంలో మాత్రం రెండు మాటలు ఎక్కువ చెప్పాలి. కింద నుంచి వచ్చేవాళ్లు అందరూ ఇక్కడే దెబ్బతింటారు. వెయ్యి మీటర్లు పైకెక్కితే వేడి దాదాపు ఆరు డిగ్రీలు తగ్గుతుంది. జయపురం 650 మీటర్ల పైన ఉంది, అంటే దేవమాలి శిఖరం అక్కడి కంటే ఆరేడు డిగ్రీలు చల్లన. సాలూరు మైదానం నుంచైతే తొమ్మిది పది డిగ్రీల తేడా. దానికి తోడు పైన గాలికి అడ్డం ఏమీ లేదు, అసలు చలి ఆ గాలిదే. ఒక్క లావు స్వెట్టరు కంటే లోపల ఒక బనీను, పైన పొడుగు చేతుల చొక్కా, ఆపైన గాలి చొరబడని జర్కిన్ నయం, ఎందుకంటే తొమ్మిదయ్యేసరికి ఒక్కొక్కటే విప్పాల్సి వస్తుంది. మంకీ క్యాప్ తెచ్చుకోవడానికి సిగ్గుపడకండి, అక్కడ అందరి నెత్తినా అదే ఉంటుంది. కాళ్లకి బూట్లే. చెప్పులతో ఎర్రమట్టి వాలు దిగుతుంటే కాలు ముందుకు జారిపోతుంది, పండగలకి కొన్న కొత్త శాండల్స్ అయితే మరీనూ.

"అంత ఎత్తులో ఊపిరి అందదేమో" అని పెద్దవాళ్లు టెన్షన్ పడుతుంటారు. ఎత్తు వల్ల వచ్చే జబ్బు మామూలుగా 2500 మీటర్లు దాటాక వచ్చే మాట. దేవమాలి దగ్గర ఆయాసం వచ్చిందంటే అది ఎక్కుడు వల్లా అలవాటు లేకపోవడం వల్లా. గుండె, ఆస్తమా ఇబ్బంది ఉన్నవాళ్లు మందులు జేబులో పెట్టుకుని రోడ్డు పక్కనే తిరిగితే చాలు, వ్యూ ఏమీ తగ్గదు.

ఇక బయల్దేరే టైము. జయపురం వాళ్లు నాలుగున్నరకి, కొరాపుట్ వాళ్లు ఐదుకి కదలాలి. సూర్యోదయాన్ని శిఖరం మీది నుంచే చూడాలనే పట్టుదల వదిలేయండి అని నా సలహా. నవంబరు మధ్యలో ఇక్కడ పొద్దు ఆరుంబావుకి కాస్త ముందు పొడుస్తుంది, డిసెంబరు చివరికి ఆరున్నరకి కాస్త ముందు. దాన్ని పైన పట్టుకోవాలంటే కొండ మలుపులన్నీ కటిక చీకట్లో, పొగమంచులో ఎక్కాలి, తెలియని రోడ్డు మీద అది తెలివైన పని కాదు. జాతీయ రహదారి చీకట్లో నడిపి, సిమిలిగూడలో ఒక టీ తాగి, వెలుగు వస్తుండగా కొండ దారిలోకి తిరిగితే ఎర్రటి వెలుతురు మలుపు మలుపుకీ ఒక్కో రకంగా కనిపిస్తుంది. అసలు చూడాల్సింది ఆ తర్వాత వస్తుంది. రాత్రంతా చల్లగాలి బరువుగా లోయల్లోకి దిగి అక్కడ మంచు కమ్మేస్తుంది, మనం దానికి పైన ఉంటాం, చుట్టూ కొండ శిఖరాలు మాత్రమే తేలుతుంటాయి. పొద్దెక్కి నేల వేడెక్కేకొద్దీ అది చెదిరిపోతుంది. పదకొండుకి వచ్చేవాళ్లు పోగొట్టుకునేది ఇదే.

ఘాట్ డ్రైవింగు తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు, తెలియనివాళ్లకి నాలుగు ముక్కలు. ఎక్కే బండికి దారివ్వాలి. మలుపు ముందు హారన్. పొగమంచులో హై బీమ్ వేస్తే ఆ వెలుగంతా మంచు మీద పడి మీ కళ్లకే తిరిగి కొడుతుంది, లో బీమే వాడండి. దిగేటప్పుడు ఏ గేరులో ఎక్కారో అదే గేరులో దిగండి. న్యూట్రల్‌లో వదిలేసి బ్రేకు మీద కాలు పెట్టుకుని దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి, కాలిన వాసన వచ్చిందంటే ఆపి చల్లారనివ్వండి, నీళ్లు మాత్రం పోయొద్దు. వంద సీసీ బండి మీద ఇద్దరు పెద్దవాళ్లు ఎక్కాలనుకుంటే నిటారు చోట్ల వెనకాల ఉన్నవాళ్లు దిగి నడవాల్సి రావచ్చు. కార్లో వాంతులయ్యే పిల్లలకి ఎక్కే ముందు కడుపు నిండా పెట్టకండి, రెండు బిస్కెట్లు చాలు, కిటికీ తీసి దూరంగా చూడమనండి, ఫోన్ లాక్కోండి.

ఇప్పుడు నడక. కారును శిఖరం అంచుదాకా తీసుకెళ్లకుండా కాస్త కిందే, దారికి అడ్డం రాని వెడల్పు చోటు చూసి ఆపేయండి. అక్కడి నుంచి గట్టు వెంట నడిచేదే అసలు దేవమాలి. ఒక్క మొన కాదు, ఒకదాని వెనక ఒకటి గుండ్రంగా దొర్లుతున్నట్టు గడ్డి మిట్టలు, మధ్యలో పల్లాలు, పశువుల కాలిబాటలు. ఎంతదూరం వెళ్లాలో అక్కడికెళ్లాక తేల్చుకుందాం అంటే కుదరదు, ఎందుకంటే ఎదురుగా ఉన్న మిట్ట ఎప్పుడూ "ఇదొక్కటీ" అనే అనిపిస్తుంది. ఒక లెక్క చెబుతాను: మామూలు కుటుంబం గంటకి మూడు కిలోమీటర్లు నడుస్తుంది, ప్రతి వంద మీటర్ల ఎక్కుడికీ పది నిమిషాలు కలపండి. పదిన్నరకి కారు దగ్గర ఉండాలంటే, ఏడుంబావుకి మొదలుపెట్టినవాళ్లు ఎనిమిదిన్నరకి ఎక్కడున్నా సరే వెనక్కి తిరగాలి. అప్పుడు మధ్యలో కూర్చుని తినడానికీ, ఊరికే చూడ్డానికీ ముప్పావుగంట మిగులుతుంది. వెనక్కి తిరిగే టైమును ఫోన్‌లో అలారం పెట్టుకోండి, లేకపోతే ఎవరూ తిరగరు.

పైన చెట్లు ఎందుకు లేవు, నీళ్లు ఎందుకు లేవు అంటే దానికో కారణం ఉంది. ఈ ప్రాంతంలో పెద్ద కొండల నెత్తిన బాక్సైటు (అల్యూమినియం తీసే ముడిరాయి), ఎర్రరాయి పొర టోపీలా పరుచుకుని ఉంటుంది. దమన్‌జోడి దగ్గర అల్యూమినియం కంపెనీ నాల్కో తవ్వే పంచపట్‌మాలి కూడా అలాంటిదే. ఆ పొర వాన నీటిని పీల్చేసుకుని కిందికి వదులుతుంది, ఆ నీరు పక్క వాలుల్లో ఊటలై బయటికొస్తుంది. అందుకే పైన గడ్డి మాత్రమే పెరుగుతుంది, కింద ఊళ్ల దగ్గర ఏడాది పొడుగునా సన్నటి గెడ్డలు పారుతుంటాయి. మనకి దీని అర్థం రెండు. మనిషికి రెండు లీటర్ల నీళ్లు మోసుకెళ్లాలి, పైన ఎక్కడా దొరకవు. రెండోది, దారిలో కనిపించే ఆ ఊట నీరు ఒక ఊరి తాగునీరు, దాని ఒడ్డున కారు కడగడం, సబ్బు పెట్టి కాళ్లు కడుక్కోవడం చేయొద్దు.

నడుస్తుండగా మంచు కమ్మేస్తే కంగారుపడి దారి వెతకొద్దు. ఉన్నచోట కూర్చోండి, కాసేపట్లో విడిపోతుంది. విడకపోతే వచ్చిన కాలిబాట మీదే వెనక్కి, అడ్డదారి మాత్రం వద్దు, గడ్డి కింద నేల ఎక్కడ ఆగుతుందో కనబడదు. పిల్లలు ఉంటే ఒక పెద్ద ముందు, ఒక పెద్ద వెనక. జనవరి దాటితే గడ్డి ఎండిపోయి ఉంటుంది, చలిమంట, సిగరెట్ పీక రెండూ ప్రమాదమే. చెత్త వేయడానికి పైన డబ్బాల కోసం చూడొద్దు, ఒక కవరు పట్టుకెళ్లి మీది మీరే తెచ్చుకోండి. సీసాలు పగలగొట్టి వచ్చే మహానుభావుల గురించి నేనేమీ అనను, ఆ గాజుపెంకుల మీద నడిచేది మాత్రం వట్టికాళ్లతో పశువులు కాసే పిల్లలు.

తిండి ఇంటి నుంచే. పులిహోర, చపాతీ ముద్దకూర, ఉడికించిన వేరుశెనగ, అరటిపళ్లు. బిరియానీ పొట్లాలు వద్దు, చల్లారిన నెయ్యి, ఎముకలు, నాలుగు రకాల ప్లాస్టిక్కు, దాహం. వేడిగా కావాలంటే దిగాక సిమిలిగూడలో పూరీ, ఇడ్లీ, వడ గుగ్ని (బఠాణీ కూర) బండ్ల మీద దొరుకుతాయి.

వారం ఎంచుకునే వీలుంటే శుక్రవారం ఎంచుకోండి. ఆ రోజు సిమిలిగూడకీ పొట్టంగికీ మధ్య ఉన్న కుందులిలో సంత. ఈ జిల్లాలో పెద్ద వారపు సంతల్లో అదొకటి, చుట్టుపక్కల కొండల మీది పరజా, గదబ గిరిజనుల ఊళ్ల నుంచి అల్లం, కూరగాయలు, చోళ్లు, కోళ్లు, పశువులు అన్నీ దిగుతాయి. ఇలా పదిన్నరకి కొండ దిగడం మొదలుపెట్టినవాళ్లకి సంత మంచి జోరులో ఉండగా దొరుకుతుంది. ఈ వైపు మన తెలుగు చాలామందికి అర్థమవుతుంది, ఇక్కడి వాడుక ఒడియా అయిన దేశియాలో "కేతే" (ఎంత) అని అడిగితే ధర చెప్పేస్తారు. బేరం ఆడండి గానీ రెండు రూపాయల కోసం ముసలమ్మతో పోట్లాడొద్దు. ముఖాల మీద పచ్చబొట్లు, ముక్కులకి నగలు చూసి చప్పున కెమెరా ఎత్తకండి, అడగండి, వద్దంటే వద్దు. దొరికితే చోడి అంబలి తాగండి, వీళ్లు మండియా పేజ్ అంటారు. కొండ దిగిన కడుపులో అది పడితే కూల్‌డ్రింకు గుర్తుకే రాదు. కొనాల్సినవి చెప్పాలంటే కొరాపుట్ కాఫీ పొడి, కొరాపుట్ కాలాజీరా బియ్యం. ఈ బియ్యానికి 2024లో జీఐ (ఫలానా ప్రాంతపు సరుకు అనే) గుర్తింపు వచ్చింది, నల్లటి పొట్టు ఉండే చిన్న గింజ, వండితే ఇల్లంతా వాసన. సంతలోనే దొరుకుతుందని చూడకుండా కొరాపుట్‌లో కూడా అడగండి.

మధ్యాహ్నానికి ఒక్క చోటే పెట్టుకోండి. కొరాపుట్‌లో జగన్నాథుడి గుడి, శబర శ్రీక్షేత్రం అంటారు, ఏ కులమైనా లోపలికి వెళ్లొచ్చు, దాన్ని ఆనుకునే గిరిజన మ్యూజియం ఉంది. జయపురం వైపు వెళ్లేవాళ్లకి ఇది దారిలోనే పడుతుంది, భోజనం చేసి ఒక గంట అక్కడ గడిపి చీకటికి ఇల్లు చేరొచ్చు. కొలాబ్ జలాశయం కావాలంటే గుడి బదులు అది. రెండూ అంటే మళ్లీ పరుగు. ఇదే రోజు డుడుమా జలపాతం కూడా చూసేద్దాం, గుప్తేశ్వరం కూడా కలిపేద్దాం అనే బాబాయి ప్రతి ఇంట్లోనూ ఒకరుంటారు. డుడుమా మచ్కుండ్ వైపు, గుప్తేశ్వరం జయపురం దాటి ఇంకో మూల. మ్యాపు తీసి ఆయన ముందు పెట్టండి, వాదించొద్దు.

దెబ్బ తగిలితే 108, మిగతా దేనికైనా 112. పెద్ద ఆస్పత్రి కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ మెడికల్ కాలేజీ, అంటే కొండమీది నుంచి తక్కువలో తక్కువ గంటన్నర దూరం. దూది, గాజుగుడ్డ, కట్టు, నొప్పి మాత్ర కార్లో ఉంచుకోవడం అందుకే. ఇక్కడ మలేరియా ఉంది, సాయంత్రం దాకా ఉండేవాళ్లు ఒంటినిండా బట్టలు వేసుకుని దోమల క్రీము రాసుకోండి.

కిందికి, సాలూరు విజయనగరం వైపు దిగేవాళ్లు కొరాపుట్ ఊసే ఎత్తకుండా, సంత చూసుకుని పొట్టంగి మీదుగా మూడు గంటలకల్లా సుంకి వైపు తిరిగిపోవాలి. చలికాలంలో ఐదున్నరకే పొద్దు గూకుతుంది, ఘాట్‌లో బరువు లారీ ఒకటి ముందు పడిందంటే దాని వెనకే పాకాలి. ఓవర్‌టేక్ చేసి మిగుల్చుకునేది పది నిమిషాలు, కింద సాలూరులో ఎలాగూ టీకి ఆగుతారు.